కొత్త నాన్‌స్టిక్ పెనం మీద గీతలు పడ్డాయి, అట్లు అతుక్కుంటున్నాయి. వాడొచ్చా, పారేయాలా?

కాకినాడ_కోడలు
సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మేము ఉండేది బెంగళూరులో. దసరాకి ఒక నాన్‌స్టిక్ పెనం కొన్నాను, 28 సెంటీమీటర్లది. మొదట్లో అట్లు వాటంతట అవే అంచులు విడిచి లేచేవి. సంక్రాంతికి అత్తయ్యగారు ఊరి నుంచి వచ్చారు. నేను ఆఫీసులో ఉండగా నాకు సాయంగా ఉంటుందని అంట్లన్నీ తోమి ఎండలో బోర్లించారు. ఊళ్ళో ఇనప పెనం తోమినట్టే దీన్నీ కొబ్బరి పీచు, అంట్ల పొడి పెట్టి గట్టిగా తోమారు. సాయంత్రం నేను వెళ్ళేసరికి, "ఈ నలుపు ఎంత తోమినా వదల్లేదమ్మా, చేతులు నొప్పెట్టాయి" అన్నారు. ఆవిడ వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు. పెనం తిప్పి చూస్తే మధ్యలో గుండ్రంగా సన్న గీతలు. ఆవిడకి ఏమీ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు అట్లు మధ్యలో అతుక్కుపోతున్నాయి. బాబుకి మూడేళ్ళు, వాడికి రోజూ పొద్దున్నే అట్టే కావాలి. ఈ పెనం మీద వేసి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. గీతలు పడితే క్యాన్సర్ వస్తుందని ఎక్కడ చూసినా అదే మాట. నిజమేనా? కొత్తది కొంటే ఈసారి ఎలా చూసుకోవాలి?

పెరట్లో_కరివేపాకు
సోమవారం, ఉదయం 9:40

చెల్లీ, ఆలోచించకుండా పారేయి. పసివాడు ఉన్న ఇల్లు. మా అమ్మ 40 ఏళ్ళు ఒకే ఇనప పెనం మీద అట్లు పోసింది. ఆ పెనమే ఇప్పుడు నా దగ్గర ఉంది. నాన్‌స్టిక్ నేను రెండుసార్లు కొన్నాను, రెండుసార్లూ ఏడాది తిరక్కుండానే పొరలు లేచాయి. మూడోసారి కొనలేదు.

లోహాల_మాస్టారు
సోమవారం, ఉదయం 10:25

అమ్మా, పారేసే ముందు కొన్ని విషయాలు చూసి చెప్పండి. నేను పాలిటెక్నిక్‌లో మెటలర్జీ చెప్పి రిటైరయ్యాను. పెనాల మీద నాకు కాస్త మక్కువ ఎక్కువ.

ఆ గీతల్లో ఎక్కడైనా వెండిరంగు కనిపిస్తోందా? కళ్ళు మూసుకుని గోటిని పెనం మీద మెల్లగా జరిపితే ఎక్కడైనా తగులుతోందా? అట్లు అతుక్కోవడం అత్తగారు తోమిన తరువాత మొదలైందా, అంతకు ముందేనా? ఇది బాగా గుర్తు తెచ్చుకోండి. చివరగా, పెనం పూర్తిగా చల్లారిన తరువాత నాలుగు నీటి చుక్కలు వేయండి. ఒకటి మధ్యలో, ఒకటి అంచున, రెండు అటూ ఇటూ. అవి ముత్యాల్లా నిలబడుతున్నాయో, పరుచుకుపోతున్నాయో చూడండి.

కాకినాడ_కోడలు
సోమవారం, మధ్యాహ్నం 1:50

మాస్టారూ, లంచ్‌కి ఇంటికి వచ్చి చూశాను.

వెండిరంగు పిడి వైపు ఒక్కచోట ఉంది, ఆవగింజంత. గోరు అక్కడే తగిలింది. మిగతా గీతలు కంటికి కనిపిస్తున్నాయి కానీ గోటికి తెలియడం లేదు. నీటి చుక్కల్లో అంచున వేసినది ముత్యంలా ఉంది. మధ్యలో వేసినవి మాత్రం చదునుగా పరుచుకుపోయాయి.

అతుక్కోవడం ఎప్పుడు మొదలైందని మా వారిని అడిగాను. క్రిస్మస్ సెలవుల్లో పెసరట్టు ముక్కలైపోయి ఉప్మా పెట్టుకుని తిన్నాం కదా అన్నారు. అవును, అది సంక్రాంతికి ముందే! అంటే అత్తయ్యగారు తోమడం వల్ల కాదా? ఇంకో సంగతి, మధ్యలో తేనెరంగులో ఏదో మరకలా ఉంది. వేలితో రాస్తే జారడం లేదు, కొంచెం పట్టుకున్నట్టు ఉంటోంది.

లోహాల_మాస్టారు
సోమవారం, మధ్యాహ్నం 3:05

నేను అనుకున్నదే అయింది. అమ్మా, మీ పెనానికి రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. మీరు రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు.

మొదటిది ఆ తేనెరంగు మరక. అది నూనె జిగురు. పలుచగా రాసిన నూనె వేడికి మళ్ళీ మళ్ళీ కాలితే దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొరగా మారతాయి. ఇనప పెనం మీద మనం కష్టపడి తెచ్చుకునేది సరిగ్గా ఈ పొరనే. పెనం కాలింది, పట్టు వచ్చింది అంటామే, అది ఇదే. ఇనుము గరుకుగా ఉంటుంది కాబట్టి ఆ పొర దాన్ని నునుపు చేస్తుంది. నాన్‌స్టిక్ మీద పూతగా వేసే టెఫ్లాన్ ఆ జిగురు కంటే ఎన్నో రెట్లు నునుపు. దాని మీద జిగురు పేరుకుంటే ఉన్న నునుపు పోతుంది. పిండి ఆ జిగురుకే అతుక్కుంటోంది, పెనానికి కాదు.

మీరు అలవాటు కొద్దీ ఇనప పెనానికి చేసినట్టే సగం ఉల్లిపాయ నూనెలో ముంచి ప్రతి అట్టుకూ ముందు రుద్దుతూ ఉంటారు. కడిగేటప్పుడేమో గీతలు పడతాయన్న భయంతో నీళ్ళతో తొలిచి పెట్టేస్తారు. అవునా? ఇనప పెనాన్ని నూనె పట్టించి పెంచుకోవాలి, దీన్ని నూనె పేరుకోకుండా చూసుకోవాలి. రెండూ అట్లపెనాలే, సాకే తీరు మాత్రం తలకిందులు.

ఈ జబ్బు నయమవుతుంది. పెనంలో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, ఒక పెద్ద చెంచా వంటసోడా వేసి, సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచండి. తెర్లనక్కర్లేదు, అంచుల దగ్గర బుడగలు వస్తే చాలు. స్టవ్ ఆపి, నీళ్ళు గోరువెచ్చగా అయ్యేదాకా అలాగే వదిలేయండి. తరువాత మెత్తటి స్పాంజితో గుండ్రంగా తుడవండి. నీళ్ళు టీ రంగులోకి మారతాయి. మొండిగా ఉంటే మర్నాడు ఇంకోసారి చేయండి, బలం మాత్రం పెట్టకండి. బాగా కడిగి, ఆరిన తరువాత మళ్ళీ నీటి చుక్క వేసి చూడండి.

రెండో జబ్బు ఆ ఆవగింజంత వెండిరంగు. అక్కడ పూత పోయి అల్యూమినియం బయటపడింది. అది నయం కాదు. ఈ రోజుకు చిన్నదే, అయితే దాని అంచు దగ్గర పూత కొంచెం లేచి ఉంటుంది. వేడికి అల్యూమినియం వ్యాకోచించినప్పుడల్లా, గరిటె తగిలినప్పుడల్లా అది పెద్దదవుతుంది. నెలకోసారి చూస్తూ ఉండండి. బియ్యపుగింజంత అయితే ఆ పెనానికి సెలవు చెప్పేయండి. ఈలోగా దాని మీద టమాటా, చింతపండు లాంటి పులుపు వండకండి. పులుపు అల్యూమినియాన్ని తింటుంది.

మీ అత్తగారి గురించి ఒక మాట. ఆవిడ తోమింది చాలావరకు ఆ జిగురునే. ఆ నలుపు అసలు రంగేనని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, అంతే. అట్లు అతుక్కుంటున్న నేరం మాత్రం ఆవిడది కాదు.

కాకినాడ_కోడలు
సోమవారం, మధ్యాహ్నం 3:20

ఉల్లిపాయ సంగతి అక్షరాలా నిజం మాస్టారూ. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అలాగే చేస్తున్నాను. ఈ రాత్రికే సోడా పెడతాను. నెల రోజులుగా మనసులో ఆవిడనే తప్పుపడుతున్నాను. చాలా బాధగా ఉంది.

వరంగల్_వంటిల్లు
సోమవారం, సాయంత్రం 6:30

మాస్టారు చెప్పింది బాగుంది. నేను దోశ పోసే పద్ధతి చెప్తా. మా దిక్కు పెనాన్ని పెంక అంటాం, ఇనుప పెంక మీదనే నేర్చుకున్నా. నాన్‌స్టిక్ కొన్న మొదటి వారం నాకు ఒక్క దోశ మంచిగ రాలే. పిండి పోసి గంటె తిప్పుతుంటే గంటెతో పాటే ముద్దగా లేచి వచ్చేది. పెంక బాగలేదని వాపస్ చేద్దామనుకున్నా.

తప్పు వేడిదని తరువాత తెలిసింది. పెంక ఎక్కువ కాలి ఉంటే పిండి తగిలిన వెంబడే గట్టిపడుతుంది, ఇక పరుచుకోదు. పైన నూనె ఉంటే పిండికి పట్టు దొరకక జారుతుంది. ఇనుప పెంక కొంచెం గరుకు ఉంటది కాబట్టి పిండిని పట్టుకుంటది, దీనికి ఆ పట్టు ఉండదు. అందుకని ఇప్పుడు ఇట్లా చేస్తా. మధ్యరకం మంట మీద పెంక పెట్టి ఒకటిన్నర నిమిషం ఆగుతా. మంట బాగా తగ్గించి, తడిపి గట్టిగా పిండిన నూలు బట్టతో ఒకసారి తుడుస్తా. చుయ్‌మని చిన్న చప్పుడు వస్తే సరైన వేడి. పొగలా ఆవిరి లేస్తే ఇంకా ఆగాలె. పిండి పోసి పరిచినంక మంట పెంచుతా. నూనె పైన, అంచుల చుట్టూ వేస్తా, కింద ఎప్పుడూ వేయను. ప్రతి దోశ మధ్యల మళ్ళీ తడిబట్ట.

చల్లనీళ్ళు మాత్రం వేడి పెంక మీద పోయొద్దు. మా ఆడబిడ్డ హోటల్లో చూసినట్టు చెంబెడు నీళ్ళు కొట్టి చీపురుతో ఊడ్చినట్టు చేసేది. హోటల్‌ది అరంగుళం ఇనుప పలక, దానికి నడుస్తది. మన ఇంట్లది పలుచటి అల్యూమినియం, రెండు నెలల్లో దాని అడుగు వంగిపోయింది.

నాలుగో_అంతస్తు
సోమవారం, రాత్రి 8:15

అడుగు వంగడం గురించి నాకూ ఒక ప్రశ్న. మా పెనం ఇండక్షన్ మీద పెడితే బొంగరంలా తిరుగుతోంది, మధ్యలో మాత్రమే కాలుతోంది. దీనికేమైనా మార్గం ఉందా?

లోహాల_మాస్టారు
సోమవారం, రాత్రి 8:50

పెనాన్ని బోర్లించి అడుగు మీద స్కేలు నిలువుగా పెట్టి చూడండి. స్కేలు కింద వెలుతురు కనిపిస్తే వంగినట్టే. సుత్తితో కొట్టి సరిచేయాలని చూడకండి, పూత పగులుతుంది. గ్యాస్ స్టవ్ మీద వాడుకోండి, అక్కడ వంపు అంత ఇబ్బంది పెట్టదు. ఇండక్షన్‌కి కొనేటప్పుడు అయస్కాంతం వెంట తీసుకెళ్ళండి. అల్యూమినియాన్ని అయస్కాంతం పట్టదు కాబట్టి అడుగున స్టీలు పలక అతికిస్తారు. అయస్కాంతం అడుగంతా పట్టుకోవాలి, మధ్యలో చిన్న వలయానికి మాత్రమే పడితే అంత మేరే కాలుతుంది. ఇండక్షన్ మీద మొదట్లోనే ఎక్కువ నంబరు పెట్టకండి, పెనం మీరు పిండి గిన్నె అందుకునేలోపే మండిపోతుంది.

డల్లాస్_తెలుగింటి_నుంచి
మంగళవారం, ఉదయం 6:05

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మా పాప కోసం రెండు బడ్జీలు, అంటే చిన్న చిలకలు, పెంచేవాళ్ళం. వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు. ఒక ఆదివారం పెసరట్లు వేద్దామని కాయిల్ స్టవ్ మీద నాన్‌స్టిక్ పెనం పెట్టాను. అదే సమయానికి ఇండియా నుంచి నాన్నగారి ఫోన్ వచ్చింది. ఆయన ఆరోగ్యం గురించి మాట్లాడుతూ పెనం సంగతి మరిచిపోయాను. పావుగంట తరువాత సన్నటి వాసన వస్తే పరుగెత్తాను. పెద్ద పొగ కూడా లేదు. కిటికీ తీశాను, స్టవ్ ఆపాను. పంజరం దగ్గరికి వెళ్ళేసరికి ఒకటి అడుగున పడి ఉంది, రెండోది ముక్కు తెరిచి ఆయాసపడుతోంది. గంట కూడా బతకలేదు. మా పాప ఆ పంజరం పక్కనే పడుకుని ఏడ్చింది.

పక్షుల డాక్టరు మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: "నాన్‌స్టిక్ ఏమైనా మాడిందా?" ఆ పూత బాగా వేడెక్కితే వచ్చే వాయువులకు పక్షులు తట్టుకోలేవట. ఇళ్ళలో చిలకలు, లవ్ బర్డ్స్, పావురాలు ఉన్నవాళ్ళు దయచేసి ఖాళీ నాన్‌స్టిక్ పెనాన్ని స్టవ్ మీద వదలకండి.

గుంటూరు_కెమిస్ట్రీ_టీచర్
మంగళవారం, ఉదయం 7:30

డల్లాస్ గారూ, చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీరు రాయడం మంచిదైంది. అసలు భయపడాల్సింది గీతలకన్నా ఖాళీ పెనం వేడికే.

టెఫ్లాన్ అసలు పేరు పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్. 1938లో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త ఫ్రిజ్‌లలో వాడే వాయువుల మీద పనిచేస్తుంటే, సిలిండర్‌లో వాయువు బదులు తెల్లటి మైనం లాంటి పొడి కనిపించింది. అదే ఇది. 1950లలో ఫ్రాన్స్‌కు చెందిన మార్క్ గ్రెగోయిర్ దాన్ని అల్యూమినియానికి అంటించే దారి కనిపెట్టారు. గాలానికి జారుడు పూతగా ఆయన వాడుతుంటే, వంట పెనానికి వేయొచ్చు కదా అన్నది ఆయన భార్య. అలా 1956లో టెఫాల్ పుట్టింది. దేనికీ అంటని పదార్థం పెనానికి ఎలా అంటుకుంటుందని క్లాసులో పిల్లలు ఎప్పుడూ అడుగుతారు. లోహాన్ని ముందు గరుకు చేసి, ఆ గుంటల్లోకి మొదటి పూతను దించి కాలుస్తారు. మొత్తం పొరలన్నీ కలిపినా వెంట్రుక మందం ఉండదు. స్టీలు అట్లకాడకి అది ఏపాటి?

ఈ పదార్థంలో కార్బన్ గొలుసు చుట్టూ ఫ్లోరిన్ గట్టిగా కప్పుకుని ఉంటుంది. అందుకే దేనితోనూ కలవదు. చిన్న పెచ్చు పొరపాటున కడుపులోకి పోయినా అరగకుండా అలాగే బయటికి పోతుంది. కాకినాడ చెల్లెమ్మా, మీ బాబు విషయంలో ఇంతవరకు జరిగినదాని గురించి బెంగ పెట్టుకోకండి.

వేడి సంగతి వేరు. 260 డిగ్రీల సెల్సియస్ దాటితే పూత పాడవడం మొదలవుతుంది, 350 దగ్గర వేగంగా విడిపోయి విషవాయువులు వస్తాయి. మనుషులకైతే చలిజ్వరం, ఛాతీ బిగుతు, దగ్గు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. దీన్నే పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. పలుచటి ఖాళీ పెనం పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే ఆ 260ని దాటగలదు. లోపల నీళ్ళో, కూరో, పిండో ఉంటే అంత వేడి ఎక్కదు, తడి ఉన్నంతసేపూ పెనం వేడిని అది లాక్కుంటుంది. మన రిఫైండ్ నూనెలు 230 డిగ్రీల అటూ ఇటూగా పొగ చిమ్ముతాయి. కాబట్టి నూనె పొగ వచ్చిందంటే ఆ 260 హద్దు దగ్గరికి వచ్చేశామని అర్థం. వెంటనే మంట తగ్గించాలి.

అందుకే నువ్వులు, ధనియాలు, ఎండుమిరపకాయలు, కందిపొడికి పప్పు, ఇలాంటివి పొడిగా వేయించేవన్నీ ఇనప మూకుట్లోనే. పోపు కూడా పోపు గరిటెలో వేసి తెచ్చి కలపండి.

పెరట్లో_కరివేపాకు
మంగళవారం, ఉదయం 8:10

టీచర్‌గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంత సురక్షితమైతే అమెరికాలో అన్ని కేసులు ఎందుకు పడ్డాయి? నీళ్ళు కలుషితమై ఊళ్ళకి ఊళ్ళే దెబ్బతిన్నాయని చదివాను. భయపెట్టాలని కాదు, మనకి తెలియాలి కదా.

గుంటూరు_కెమిస్ట్రీ_టీచర్
మంగళవారం, ఉదయం 9:00

మీరు అడిగింది చాలా న్యాయమైన ప్రశ్న. అది జరిగింది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పార్కర్స్‌బర్గ్ దగ్గర టెఫ్లాన్ తయారుచేసే ఫ్యాక్టరీ నుంచి పీఎఫ్‌ఓఏ అనే రసాయనం ఒహాయో నదిలోకి, తాగునీళ్ళలోకి చేరింది. 2017లో సుమారు 3,550 కేసుల పరిష్కారానికి డ్యూపాంట్, కెమోర్స్ కంపెనీలు 67 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

పీఎఫ్‌ఓఏ వేరు, టెఫ్లాన్ వేరు. టెఫ్లాన్ తయారీలో సాయపడే సబ్బు లాంటిది అది. పెనం మీద పూతను కాల్చేటప్పుడు దాదాపుగా పోతుంది. ప్రమాదం ఎక్కువగా పడింది ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళ మీద, ఆ నీళ్ళు తాగినవాళ్ళ మీద. 2019లో ప్రమాదకర రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోం ఒప్పందం కింద దాన్ని నిషేధించాల్సిన వాటిలో చేర్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. అందుకే కొనేటప్పుడు డబ్బా మీద పీఎఫ్‌ఓఏ ఫ్రీ అని ఉండాలి. ఆ ముద్ర ఉందంటే టెఫ్లాన్ లేదని కాదు, ఎక్కువసార్లు ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

మీరు ఇనుము వైపు నిలబడటం తప్పు కాదు. ఈ ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీళ్ళలో ఏళ్ళ తరబడి పోకుండా ఉంటాయన్నది నిజమే. నేను కూడా ఇంట్లో ఒక్క నాన్‌స్టిక్ పెనమే ఉంచుకున్నాను, అది గుడ్ల కోసం.

డల్లాస్_తెలుగింటి_నుంచి
మంగళవారం, ఉదయం 9:15

ఇక్కడ అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2025 జనవరి నుంచి ఇలాంటి పూత ఉన్న వంట సామాను అమ్మకాన్నే ఆపేసింది. మేమైతే కాస్ట్ ఐరన్‌కి మారిపోయాం.

తార్నాక_తల్లి
మంగళవారం, మధ్యాహ్నం 12:20

మా వీధి చివరే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ఈ విషయం ఉంది. నాన్‌స్టిక్ సామాను 170 డిగ్రీలు దాటి వేడిచేయొద్దని, పూత అరిగిపోతే పారేయమని, వంటకు మట్టి పాత్రలు మంచివని రాశారు. టీచర్‌గారు చెప్పిన అంకె కంటే ఇది తక్కువ. పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే తక్కువ అంకెనే పట్టుకుంటాను. మంట మధ్యరకం దాటనివ్వకపోతే చాలు.

ఉప్పు_కారం
మంగళవారం, మధ్యాహ్నం 2:45

మా పాత నాన్‌స్టిక్ బాండీ పూత సగం పోయింది. అడుగు మందంగా ఉంది, పారేయబుద్ధి కావడం లేదు. మిగిలిన పూతని గరుకు కాగితంతో గీకేసి మామూలు అల్యూమినియం బాండీలా వాడుకోవచ్చా? లేదంటే బయట మంట మీద కాల్చేస్తే పోతుందని మా పక్కింటాయన అన్నారు.

లోహాల_మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 3:10

కాల్చడం మాత్రం వద్దు. దయచేసి వద్దు. డల్లాస్ వారి పిట్టలకు జరిగిందేమిటో పైన చదివారు కదా, ఆ వాయువుల్ని చేతులారా పుట్టించుకున్నట్టే. గీకితే ఆ పొడి గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా గుంటల్లో దిగిన మొదటి పూత పూర్తిగా రాదు. ఇంటి దగ్గర మళ్ళీ పూత వేయడం కూడా కుదరదు, ఆ పూతను 400 డిగ్రీల దగ్గర ప్రత్యేకమైన కొలిమిలో కాలుస్తారు. పాత సామాను కొనేవాళ్ళకి ఇచ్చేయండి. అల్యూమినియం విలువైనా వస్తుంది.

ఉప్పు_కారం
మంగళవారం, మధ్యాహ్నం 3:18

సరే మాస్టారూ. ఈ ఆదివారం ఇచ్చేస్తాను. పక్కింటాయనకి కూడా చెప్తాను.

రెండు_టిఫిన్_బాక్సులు
మంగళవారం, రాత్రి 9:30

నేను ఉద్యోగం చేస్తాను, అంట్లు తోమేది మా సాయమ్మాయి. మూడు పెనాలు పాడయ్యాక నాకు తెలిసిందేమిటంటే, తప్పు ఆ అమ్మాయిది కాదు. సింకులో పెనం పడేసి, పక్కనే స్టీలు పీచు పెట్టి, జాగ్రత్తగా తోము అంటే ఎలా? ఇప్పుడు నాన్‌స్టిక్ సింకులోకి వెళ్ళదు. తినగానే, పెనం గోరువెచ్చగా అయ్యాక, నేనే రెండు చుక్కల లిక్విడ్ వేసి మెత్తటి పసుపు స్పాంజితో కడుగుతాను. నిమిషం కూడా పట్టదు. వెనక ఆకుపచ్చ గరుకు పొర ఉండే స్పాంజి అయితే ఆ పొర చింపేస్తాను. కడిగాక పాత బనియన్ గుడ్డతో తుడిచి, గోడకి కొక్కెం కొట్టి తగిలిస్తాను. ఒకదాని మీద ఒకటి పేర్చాల్సి వస్తే మధ్యలో పాత చీర ముక్క. గరిటెల స్టాండులో చెక్క గరిటె, సిలికాన్ అట్లకాడ పిడులకి ఎర్ర దారం చుట్టాను. మా అత్తగారికి, పిల్లలకి, సాయమ్మాయికి ఒకటే మాట చెప్పాను, నల్ల పెనానికి ఎర్ర దారం. నాలుగో పెనానికి మూడేళ్ళు నిండాయి.

ఇంకో సంగతి కూడా ఉంది, అదీ చెప్తాను. సిరామిక్ పూత పెనం ఒకటి ఎక్కువ ధర పెట్టి కొన్నాను. టెఫ్లాన్ లేదు, వేడికి భయం తక్కువ, తెల్లగా చూడముచ్చటగా ఉంది. కానీ ఏడు నెలల్లో దాని నునుపు పోయింది. మా ఇంట్లో టెఫ్లాన్ వాటికంటే తొందరగా పోయింది. వేడి భయం లేకపోవడమే ముఖ్యమైతే కొనండి, ఎక్కువ కాలం వస్తుందని మాత్రం కొనకండి.

కాకినాడ_కోడలు
గురువారం, రాత్రి 10:05

రెండు రాత్రులు సోడా పెట్టాను. మొదటి రాత్రి నీళ్ళు సరిగ్గా మాస్టారు చెప్పినట్టు టీ రంగుకి తిరిగాయి. రెండో రాత్రికి తేనెరంగు అంతా పోయింది, అంచున ఒక వేలెడు మిగిలింది. ఈ ఉదయం చల్లటి పెనం మీద నీటి చుక్క వేశాను. మధ్యలో వేసినదీ ముత్యంలా నిలబడింది. పెనం కొంచెం వంచితే తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోయింది. బాబు ఇంకోటి వెయ్యి, ఇంకోటి వెయ్యి అని అరగంట ఆడుకున్నాడు.

వరంగల్ అక్క చెప్పినట్టు ఉల్లిపాయ పక్కన పెట్టి, తడిబట్టతో తుడిచి, సన్న మంట మీద పిండి పరిచాను. మొదటి అట్టు కొంచెం మందంగా వచ్చింది. రెండోది అంచులు లేచాయి, అట్లకాడ పెట్టకుండానే జరిగింది.

సాయంత్రం అత్తయ్యగారికి ఫోన్ చేశాను. పెనం మీద గీతలు పడిన సంగతి, అట్లు అతుక్కున్న సంగతి, అది ఆవిడ వల్ల కాదని తెలిసిన సంగతి, అన్నీ చెప్పాను. నెల రోజులు మనసులో పెట్టుకున్నానని కూడా చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆ రోజే చెప్పకపోయావా అమ్మా, నాకు ఆ సామాను సంగతి తెలియదు కదా" అన్నారు. ఉగాదికి వచ్చేటప్పుడు మా మామ్మగారి కాలం నాటి ఇనప పెనం తెస్తానన్నారు. పదేళ్ళుగా అటక మీదే ఉందట, తుప్పు పట్టి ఉంటుందన్నారు. అట్లకి ఇక అదే. నాన్‌స్టిక్‌ని బాబు ఆమ్లెట్టుకి ఉంచుకుంటాను, ఆ ఆవగింజంత మచ్చ మీద కన్నేసి ఉంటాను.

మాస్టారూ, తుప్పు పట్టిన ఇనప పెనాన్ని ఎలా బాగుచేయాలి?

లోహాల_మాస్టారు
శుక్రవారం, ఉదయం 6:40

ఆ పెనానికే మీ అత్తగారి కొబ్బరి పీచు కావాలమ్మా. ఇటుక పొడో, అంట్ల పొడో వేసి తుప్పు రంగు నీళ్ళు ఆగేదాకా ఆవిడ చేతే గట్టిగా తోమించండి. వెంటనే స్టవ్ మీద పెట్టి తడి ఆర్చండి, గాలికి వదిలేస్తే మళ్ళీ తుప్పు పడుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు నువ్వుల నూనె చాలా పలుచగా రాసి, రాసింది కనిపించనంతగా తుడిచి, పొగ వచ్చేదాకా కాల్చండి. చల్లార్చి మళ్ళీ రాయండి. అలా మూడు నాలుగు సార్లు చేస్తే నల్లబడుతుంది. మొదటి రెండు అట్లూ పోతాయి, వాటికి బాధపడకండి. మూడో అట్టు నుంచి మీ ఉల్లిపాయని బయటికి తీయండి.